మీకు తెలుసా? వేషంలో వచ్చి పిల్లలకు కథ చదివితే...

మొదలుపెట్టింది ఒక తల్లి

అమెరికాను కొన్నేళ్లుగా రెండు వర్గాలుగా చీల్చిన గొడవల్లో ఒకటి లైబ్రరీలో పిల్లల చాప మీద పుట్టింది. మిషెల్ టీ అనే రచయిత్రి కొడుకు పుట్టాక వాణ్ణి వెంటబెట్టుకుని లైబ్రరీలో కథలు చదివే కార్యక్రమాలకు వెళ్లేవారు. శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి ఊళ్లో కూడా అక్కడి కథల్లో తన కుటుంబం లాంటి కుటుంబాలు కనిపించడం లేదని ఆమెకు అనిపించింది. 2015లో రాడార్ ప్రొడక్షన్స్ అనే సాహిత్య సంస్థ తరఫున ఒక ప్రయోగం చేశారు. స్టేజీ మీద ఆడవేషం కట్టే డ్రాగ్ క్వీన్‌ను పిలిపించి, పిల్లల ముందు కూర్చోబెట్టి బొమ్మల పుస్తకాలు చదివించారు. అదే ‘డ్రాగ్ క్వీన్ స్టోరీ అవర్’. ఆడవాళ్లు మగవేషం కట్టే డ్రాగ్ కింగ్‌లకు కూడా చోటుండాలని 2022లో పేరులోంచి ‘క్వీన్’ తీసేసి ‘డ్రాగ్ స్టోరీ అవర్’ అన్నారు.

అక్కడ జరిగేది ఏమిటి?

ఎత్తైన విగ్గు, తళతళలాడే గౌను, కనురెప్పల నిండా రంగు వేసుకున్న మనిషి ముక్కాలు గంటో గంటో కూర్చుని రెండు మూడు బొమ్మల పుస్తకాలు చదువుతారు. మధ్యలో చప్పట్లతో ఒక పాట, చివర్లో రంగు కాగితాలతో కిరీటాలు చేయించడం లాంటి పని ఒకటి ఉంటుంది. వచ్చేది ఎక్కువగా మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలు, వాళ్ల పక్కనే అమ్మో నాన్నో. మామూలు కథల కార్యక్రమానికీ దీనికీ పైకి కనిపించే తేడా చదివే మనిషి వేషం ఒక్కటే.

అయితే గొడవ వేషం ఒక్కదాని గురించే కాదు. మగ, ఆడ అనే గీతలు చెరిగిపోయే ఆటలు పిల్లలకు సహజమనీ, తమలాంటి పెద్దలు కూడా ఆదర్శంగా ఉండొచ్చని వాళ్లకు చూపించాలనీ నిర్వాహకులు మొదటి నుంచీ బాహాటంగానే చెబుతూ వచ్చారు. హార్పర్ కీనన్ అనే విద్యా పరిశోధకుడు, ‘లిల్ మిస్ హాట్ మెస్’ అనే రంగస్థల నామంతో కథలు చదివే ప్రదర్శకురాలు కలిసి ‘కరిక్యులమ్ ఎంక్వైరీ’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. డ్రాగ్ చిన్నపిల్లల చదువుకు ఏం నేర్పగలదన్నది దాని అంశం. తేడాగా ఉన్నవాళ్లను కలుపుకుపోవాలనే పాఠంతో ఆగకుండా, పిల్లలకు కొత్త రకం ఊహాశక్తిని ఇవ్వాలని అందులో వాదించారు. క్రిస్టఫర్ రూఫో లాంటి విమర్శకులు ఆ వ్యాసాన్నే చూపించి, ‘ఇది పుస్తక పఠనం కాదు, సిద్ధాంత బోధన’ అన్నారు.

ఇక్కడ సమర్థకులకూ విమర్శకులకూ ఒక మాట చెప్పాలి. ఆ వ్యాసం ఒక ఆలోచన మాత్రమే, పిల్లల్ని పరీక్షించి ఫలితాలు కొలిచిన అధ్యయనం కాదు. దాన్ని పట్టుకుని పిల్లలకు మేలు జరిగిందనీ చెప్పలేం, కీడు జరిగిందనీ చెప్పలేం. కానీ ‘మాకు ఏ ఉద్దేశమూ లేదు, పుస్తకం చదువుతున్నామంతే’ అని సమర్థకులు కొందరు అనడం కూడా నిజాయితీ కాదు. ఉద్దేశం ఉంది, దాన్ని వాళ్లే రాసుకున్నారు. ఆ ఉద్దేశం నచ్చని తల్లిదండ్రులు మూర్ఖులైపోరు, నచ్చినవాళ్లు దుర్మార్గులూ అయిపోరు.

మేనార్డ్ అనే పిల్లి

ఈ గొడవలో ఎవరూ పెద్దగా తలుచుకోని పిల్లి ఒకటుంది. నన్నడిగితే అందరికంటే ముందు తలుచుకోవలసింది దాన్నే.

1969లో రీటా డెవ్రీస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లల ముందుకు మేనార్డ్ అనే సాధు పిల్లిని తెచ్చారు. పిల్లలు దాన్ని నిమిరారు. ఇది పిల్లి అని వాళ్లే చెప్పారు. ఆ తర్వాత దాని ముందు భాగం కనబడకుండా తెర అడ్డుపెట్టి, ముఖానికి అచ్చం కుక్కలా ఉండే ముసుగు తొడిగారు. తోక వైపు పిల్లలకు కనిపిస్తూనే ఉంది. తెర తీసి ‘ఇప్పుడు ఇదేమిటి?’ అని అడిగితే, మూడేళ్ల వాళ్లలో చాలామంది అది కుక్క అయిపోయిందన్నట్టే మాట్లాడారు. ఆరేళ్ల వాళ్లు మాత్రం ముసుగు ఏదైనా లోపలున్నది పిల్లేనని తేల్చేశారు.

అంతకు మూడేళ్ల ముందే, 1966లో, లారెన్స్ కోల్‌బర్గ్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి విషయమే ఆడ, మగ అన్న గ్రహింపు గురించి రాశారు. తాను అబ్బాయో అమ్మాయో పిల్లలు సుమారు మూడేళ్లకు చెప్పగలుగుతారు. బట్టలు మార్చినా, జుట్టు పెంచినా మనిషి మారిపోడన్న నిలకడైన ఎరుక రావడానికి అయిదారేళ్లు, కొందరికి ఏడేళ్లు కూడా పడుతుంది.

దీన్నిబట్టి వ్యతిరేకులు ‘చూశారా, మూడేళ్ల బిడ్డకు గందరగోళమే’ అంటారు. సమర్థకులేమో ‘ఆ గందరగోళం వయసుతో దానంతట అదే తీరిపోతుంది, వేషాలు చూడటం వల్ల బిడ్డ చెడిపోదు’ అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. మన పల్లెల్లో పగటి వేషగాళ్లు గడప దగ్గరికి వస్తే అమ్మ కొంగు చాటుకు దూరిన పిల్లలే, నాలుగేళ్లు తిరిగేసరికి ఆ వేషగాళ్ల వెంట వీధివీధీ తిరిగేవాళ్లు. వయసును బట్టి చూపు మారుతుంది. అందుకే ‘పిల్లలకు మంచిదా, చెడ్డదా’ అని గంపగుత్తగా అడగడం కంటే, ఏ వయసు పిల్లలకు, ఏ కథ, పక్కన ఎవరున్నారు అని అడిగితేనే జవాబు దొరుకుతుంది.

బార్ వేరు, లైబ్రరీ వేరు

2022 జూన్‌లో డాలస్‌లోని ఒక బార్‌లో పిల్లల్ని కూడా రానిచ్చి డ్రాగ్ ప్రదర్శన పెట్టారు. వెనక గోడ మీద పెద్దలకు మాత్రమే అర్థమయ్యే మోటు మాట నియాన్ దీపాలతో వెలుగుతోంది. పసివాళ్లు ప్రదర్శకులకు డాలర్ నోట్లు అందించారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. చూసి ఒళ్లు మండినవాళ్ల కోపం న్యాయమైనదే. పిల్లలు ఉండవలసిన చోటు కాదది.

కానీ ఆ కోపాన్ని అచ్చంగా తీసుకెళ్లి, చాప మీద కూర్చుని గొంగళిపురుగు కథ వినే లైబ్రరీ కార్యక్రమం మీద పెట్టడం న్యాయం కాదు. ఒకే కళాకారుడు శనివారం రాత్రి క్లబ్బులో పెద్దల కోసం ఒకలా, ఆదివారం ఉదయం పిల్లల కోసం మరోలా ఉండటం కొత్తేమీ కాదు. సినిమాల్లో ప్రతినాయకుడి పాత్రలు వేసే నటుడు బడి వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా రావడం లేదా?

తప్పు జరిగిన చోట

హ్యూస్టన్ సంగతి దాచకూడదు. అక్కడి పబ్లిక్ లైబ్రరీ కార్యక్రమంలో కథలు చదివినవాళ్లలో ఒకరు, గతంలో బాలుడిపై లైంగిక నేరానికి శిక్ష పడి నేరస్తుల రిజిస్టరులో పేరున్న వ్యక్తి అని 2019లో బయటపడింది. తమ నిబంధనల ప్రకారం చేయవలసిన పూర్వాపరాల తనిఖీ చేయలేదని ఒప్పుకుని లైబ్రరీ క్షమాపణ చెప్పింది. తప్పు వేషానిది కాదు, తనిఖీని వదిలేసిన వాళ్లది. పిల్లల గదిలోకి అడుగుపెట్టే ఎవరికైనా, పాస్టరైనా, క్రికెట్ కోచ్ అయినా, డ్రాగ్ క్వీన్ అయినా, ఆ తనిఖీ ఉండితీరాలి. సమర్థకులు ఈ ఉదంతాన్ని చిన్నదిగా చేసి మాట్లాడినప్పుడల్లా తమ మాటకు తామే విలువ తగ్గించుకున్నారు.

ఇద్దరు సంప్రదాయవాదుల మధ్య తగువు

ఇది ఉదారవాదులకూ సంప్రదాయవాదులకూ మధ్య గొడవ అనుకుంటాం. దీనివల్ల సంప్రదాయవాదులే రెండుగా చీలారని తెలుసా? శాక్రమెంటో లైబ్రరీలో జరగబోయే కథల కార్యక్రమం ప్రకటనను 2019 మేలో ఫేస్‌బుక్‌లో చూసిన సొహ్రాబ్ అహ్మరీ అనే పాత్రికేయుడు మండిపడ్డారు. ‘ఫస్ట్ థింగ్స్’ పత్రికలో, తోటి సంప్రదాయవాది, క్రైస్తవ న్యాయవాది అయిన డేవిడ్ ఫ్రెంచ్ పేరు పెట్టి మరీ విమర్శించారు. ఇలాంటివాటిని ఆపడానికి ప్రభుత్వ అధికారాన్ని వాడటానికి ఫ్రెంచ్ లాంటివాళ్లు జంకుతున్నారన్నది అహ్మరీ ఫిర్యాదు. ఫ్రెంచ్ జవాబు వేరు: అందరికీ తెరిచి ఉండే ప్రభుత్వ గదిలోంచి ఈ రోజు ప్రభుత్వం వీళ్లను గెంటేయగలిగితే, రేపు ఇంకో ప్రభుత్వం అదే అధికారంతో క్రైస్తవ బృందాలను గెంటేస్తుంది. కాలేజీల్లో క్రైస్తవ విద్యార్థి సంఘాల తరఫున కోర్టుల్లో ఏళ్ల తరబడి పోరాడిన మనిషి ఆ మాట అన్నారు. ఆ సెప్టెంబరులో వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు.

ఫ్రెంచ్ మాట ఎంత నిజమో మూడేళ్లకు తేలింది. టీవీ నటుడు కిర్క్ కామెరాన్ 2022లో క్రైస్తవ విలువలతో ఒక పిల్లల పుస్తకం తెచ్చి, లైబ్రరీల్లో కథల కార్యక్రమం పెడతామన్నారు. 50కి పైగా లైబ్రరీలు కాదన్నాయని ప్రచురణకర్తలు చెప్పారు. కొన్ని లైబ్రరీలు డ్రాగ్ కథలకు చోటిచ్చి తమకు ఇవ్వకపోవడం రాజ్యాంగ విరుద్ధమని, కోర్టుకెక్కుతామని కామెరాన్ హెచ్చరించారు. ఆ డిసెంబరు 29న ఇండియానాపొలిస్ లైబ్రరీలో ఆయన కథ చదివితే జనం కిక్కిరిసిపోయారు. డ్రాగ్ క్వీన్‌కు గది ఇప్పించే సూత్రమే కామెరాన్‌కూ గది ఇప్పించింది. ఒకరికి తెరిచి ఇంకొకరికి మూసిన లైబ్రరీల్ని నేను సమర్థించను.

చట్టాలు ఏం చేశాయి?

2023 మార్చి 2న టెనెసీ గవర్నర్ బిల్ లీ ఒక చట్టంపై సంతకం చేశారు. పిల్లలకు హానికరమైన ‘ఎడల్ట్ కాబరే’ ప్రదర్శనలను బహిరంగ ప్రదేశాల్లో, పిల్లలు చూసే వీలున్న చోట్ల నిషేధించింది ఆ చట్టం. ఆ జాబితాలో స్త్రీ, పురుష వేషధారులను చేర్చింది. రెండోసారి పట్టుబడితే అది ‘ఫెలనీ’, అంటే తీవ్రమైన నేరం. మెంఫిస్‌కు చెందిన ‘ఫ్రెండ్స్ ఆఫ్ జార్జెస్’ నాటక బృందం కోర్టుకు వెళ్లింది. డొనాల్డ్ ట్రంప్ నియమించిన న్యాయమూర్తి థామస్ పార్కర్, చట్టం అస్పష్టంగా ఉందనీ, పరిధి మితిమీరిందనీ ఆ జూన్‌లో కొట్టేశారు. ఆ తీర్పును 2024లో పై కోర్టు పక్కనపెట్టింది. చట్టం మంచిదని కాదు, దావా వేసే అర్హత ఆ బృందానికి లేదని. 2025లో సుప్రీంకోర్టు కలగజేసుకోవడానికి ఒప్పుకోలేదు.

ఫ్లోరిడాలో ఒర్లాండోకు చెందిన ఒక రెస్టారెంట్ ఇలాంటి చట్టాన్నే సవాలు చేసి స్టే తెచ్చుకుంది. దాన్ని ఎత్తేయమన్న రాష్ట్ర ప్రభుత్వ విన్నపాన్ని 2023 నవంబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

మోంటానా ఇంకో అడుగు ముందుకేసింది. బడుల్లో, లైబ్రరీల్లో పిల్లలకు డ్రాగ్ వేషంలో కథ చదవడాన్నే 2023 మేలో సూటిగా నిషేధించింది. చూడండి, ఏమైందో. నెల తిరగకుండానే బ్యూట్ పట్టణ లైబ్రరీ ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ఇవ్వవలసిన చరిత్ర ప్రసంగాన్ని రద్దు చేసింది. ఆమె వేషం కట్టబోలేదు, పిల్లలకు కథ చదవబోలేదు. మామూలు బట్టల్లో వచ్చి మాట్లాడతానన్న మనిషికి కొత్త చట్టం అడ్డొస్తుందేమోనన్న భయంతో తలుపు మూశారు. ఆ వేసవిలోనే ఫెడరల్ న్యాయమూర్తి బ్రయన్ మోరిస్ చట్టం అమలును ఆపారు.

పిల్లలకు అశ్లీల సామగ్రి అమ్మకూడదని రాష్ట్రాలు శాసించవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1968లోనే తేల్చింది. అంటే డాలస్ బార్ లాంటి చోట్ల హద్దు దాటితే పట్టుకోవడానికి దారి అప్పటికే ఉంది. చట్టంలో గీత గీయవలసింది అశ్లీలత దగ్గర, చీర దగ్గరో విగ్గు దగ్గరో కాదు. విగ్గు దగ్గర గీసిన గీత బ్యూట్ లైబ్రరీలో ఎవరి మీద పడిందో చూశాం.

ఎదురు వచ్చిన తుపాకులు

2022 డిసెంబరు 3న ఒహాయోలోని కొలంబస్‌లో ఒక చర్చిలో క్రిస్మస్ కథల కార్యక్రమం పెట్టుకున్నారు. చర్చి తోడ్పాటుతో దాన్ని పెట్టింది ఒక చిన్న బడివాళ్లు. ‘ప్రౌడ్ బాయ్స్’ అనే అతివాద బృందం వస్తుందని తెలిసి, భద్రత చాలదన్న దిగులుతో చివరి నిమిషంలో రద్దు చేసుకున్నారు. తుపాకులు పట్టుకుని వచ్చినవాళ్లు ఖాళీ చర్చి ఎదుట నిలబడ్డారు. స్వలింగ సంపర్కుల హక్కుల కోసం పనిచేసే గ్లాడ్ సంస్థ, ఆ ఒక్క ఏడాదిలో అన్ని రకాల డ్రాగ్ కార్యక్రమాలపై కలిపి 141 నిరసనలు, బెదిరింపులు నమోదు చేసింది.

పిల్లల కోసమే అడ్డుకుంటున్నామని చెప్పుకునేవాళ్లు ఆ పిల్లల గుమ్మం ముందుకు రైఫిళ్లతో వెళ్లారు. ఏ విగ్గూ, ఏ కథా మూడేళ్ల బిడ్డను అంత భయపెట్టలేదు.

సముద్రాలు దాటిన గొడవ

బ్రిటన్‌లో క్రిస్మస్ ‘పాంటమైమ్’ నాటకాల్లో మగవాళ్లు ముసలమ్మ వేషం కడితే తాతలూ మనవలూ కలిసి నవ్వుకోవడం వందేళ్లకు పైబడిన అలవాటు. అలాంటి దేశంలో కూడా 2022 వేసవిలో లైబ్రరీల ముందు, 2023 ఫిబ్రవరిలో లండన్ టేట్ బ్రిటన్ కళా ప్రదర్శనశాల ముందు నిరసనలు హోరెత్తాయి. మెల్‌బోర్న్ దగ్గర మొనాష్ కౌన్సిల్ బెదిరింపులకు వెరచి 2023లో కార్యక్రమాన్ని మానుకుంది. అదే ఏడాది జూన్‌లో మ్యూనిక్ లైబ్రరీ ముందు రెండు పక్షాలూ గుమికూడాయి. కెనడాలోని కాల్గరీ నగరం మాత్రం ఒక ఉపాయం చేసింది. లైబ్రరీలు, ఆటల కేంద్రాల గుమ్మాలకు 100 మీటర్ల లోపు ఇలాంటి నిరసనలు చేయకూడదని 2023 మార్చిలో స్థానిక చట్టం తెచ్చింది. నిరసన తెలిపే హక్కును అది కుదించిందని పౌరహక్కుల వాళ్లు అన్నారు. అదీ కొట్టిపారేయదగ్గ మాట కాదు.

మన స్త్రీ వేషం మాటేమిటి?

ఈ వార్త చదివిన తెలుగువాళ్లకు వెంటనే స్థానం నరసింహారావు గుర్తుకు రావడం సహజం. 1902లో బాపట్లలో పుట్టి, సత్యభామగా, మధురవాణిగా, రోషనారగా దశాబ్దాల పాటు నాటక ప్రియుల్ని మురిపించిన ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామగా అడుగుపెడితే ఆ నడకకు ఆడవాళ్లే ఆశ్చర్యపోయారు. ఆయనకు 1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ప్రదర్శనలకు పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకునే వెళ్లారు మన పెద్దలు. మగవాడు చీర కట్టి కనబడితేనే బిడ్డ పాడైపోతుందనే మాట మన అనుభవం ముందు నిలవదు.

అలాగని రెండూ ఒకటేనని తేల్చేయడమూ తప్పే. స్థానం వారి సాధనంతా మగవాడు పూర్తిగా మాయమై సత్యభామ ఒక్కతే మిగలడం కోసం. డ్రాగ్‌లో మనిషి మాయమవడు. అతిశయమే దాని ప్రాణం, వేషం కట్టింది ఎవరో ప్రేక్షకుడికి తెలుస్తూ ఉండాలి. చాలామంది ప్రదర్శకులకు అది తమ జీవితం గురించిన ప్రకటన కూడా. మన స్త్రీ పాత్రధారులను సాక్ష్యానికి పిలిచి అమెరికా తగువు తీర్చాలని చూస్తే, వాళ్ల కళకూ అన్యాయమే, ఆ తగువుకూ అన్యాయమే.

అక్కడి తెలుగు తల్లిదండ్రులకు

ఇది మనకు దూరపు సంగతి అనుకోవద్దు. 2022 జూన్ 11న కాలిఫోర్నియాలోని శాన్ లొరెంజో లైబ్రరీలో పండా డల్సే అనే డ్రాగ్ క్వీన్ కథ చదువుతుండగా, ప్రౌడ్ బాయ్స్‌గా భావిస్తున్న కొందరు లోపలికి చొరబడి పిల్లల ఎదుటే బూతులు తిట్టారు. షెరీఫ్ కార్యాలయం విద్వేష నేరం కోణంలో దర్యాప్తు చేసింది. ఆ లైబ్రరీ అలమేడా కౌంటీ లైబ్రరీ వ్యవస్థలోది. ఫ్రీమాంట్, డబ్లిన్‌లలో తెలుగు కుటుంబాలు వారం వారం పిల్లల్ని తీసుకెళ్లే లైబ్రరీలు కూడా ఆ వ్యవస్థవే.

కాబట్టి ఒక మనవి. మీ లైబ్రరీ ఈవెంట్ల క్యాలెండర్ చూడండి. ఏ కార్యక్రమం ఎవరు నడుపుతున్నారో, ఏ వయసు వాళ్లకో అందులో రాసి ఉంటుంది. నచ్చకపోతే ఆ రోజు వెళ్లకండి, రమ్మని ఎవరూ బలవంతం చేయరు. నచ్చితే బిడ్డ పక్కనే కూర్చుని మీరూ వినండి. కథ చదివేవాళ్ల పూర్వాపరాలు తనిఖీ చేస్తున్నారా అని లైబ్రేరియన్‌ను అడగండి, ఆ ప్రశ్న అడగడం మీ హక్కు. ఇంకా చెప్పాలనుకుంటే లైబ్రరీ బోర్డు సమావేశాలకు వెళ్లండి. అవి బహిరంగంగా జరుగుతాయి, ఊళ్లో ఎవరైనా లేచి మాట్లాడటానికి సమయం ఇస్తారు. పక్కింటి తల్లి మీకు భిన్నంగా నిర్ణయం తీసుకుంటే తీసుకోనివ్వండి. మీ బిడ్డ విషయంలో మీకున్న అధికారమే ఆమె బిడ్డ విషయంలో ఆమెకూ ఉంది.